బ్లూటూత్‌ను ఆపకుండానే ఫైళ్ల బదిలీని ఆపడం ఎలా?

కార్యాలయంలోని కంప్యూటర్ల నుంచి ఫైళ్లు వైర్‌లెస్‌గా బయటికి వెళ్లకూడదని నిర్ణయం జరగగానే, చాలాచోట్ల బ్లూటూత్‌నే పూర్తిగా నిలిపివేస్తారు. దీనివల్ల కీబోర్డులు, హెడ్‌సెట్లు మూలనపడడమే కాదు, వినికిడి యంత్రాన్ని కంప్యూటర్‌కు కలుపుకుని సమావేశాల్లో పాల్గొనే సహోద్యోగికి మాటలు వినిపించకుండా పోతాయి. ఇది అన్యాయం, అనవసరం కూడా. ఫైళ్లు వెళ్లే దారిని మూస్తే చాలు.

బ్లూటూత్‌లో ప్రతి సేవకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది: ఫైలు పంపే ఆబ్జెక్ట్ పుష్‌కు 1105, ఫైల్ ట్రాన్స్‌ఫర్‌కు 1106, కీబోర్డు, మౌస్‌లకు 1124. సంస్థ కంప్యూటర్లన్నిటినీ ఒకేచోటి నుంచి నియంత్రించే ఇంట్యూన్ వంటి నిర్వహణ సాధనం ద్వారా విండోస్ కంప్యూటర్లకు అనుమతించిన సేవల జాబితాను పంపవచ్చు. జాబితాలో ఉన్నవి మాత్రమే పనిచేస్తాయి కనుక, 1124ను, ఆడియో సేవలను చేర్చి 1105, 1106లను వదిలేయాలి. సంఖ్యలను ఇక్కడ రాసినట్టు పొట్టిగా కాక పూర్తి 128 బిట్ల రూపంలో, మధ్యలో సెమీకోలన్లతో రాయాలి. తక్కువ విద్యుత్తుతో నడిచే కొత్త మౌస్‌లు 1124ను కాక 1812ను వాడతాయి. దాన్ని, దానికి తోడుగా ఉండే 1800, 1801 వంటి సేవలను మరచిపోతే, జాబితా అమలైన రోజే మౌస్ పనిచేయడం లేదన్న ఫిర్యాదులు మొదలవుతాయి. అదనపు రక్షణగా, సిస్టమ్32 ఫోల్డర్‌లోని ఎఫ్‌స్క్విర్ట్ అనే బదిలీ ప్రోగ్రామ్‌ను, ఏ ప్రోగ్రామ్‌లు నడవాలో నిర్ణయించే విండోస్ సదుపాయమైన యాప్‌లాకర్ నియమంతో నిషేధించవచ్చు.

ఇంతటితో పని పూర్తయిందనుకోకూడదు. 2018లో విండోస్ 10కు వచ్చిన నియర్‌బై షేరింగ్ అనే ఫైళ్లు పంచుకునే సదుపాయం, పక్కనున్న కంప్యూటర్‌ను బ్లూటూత్‌తో గుర్తించినా ఫైలును వైఫై మీదుగా కూడా పంపగలదు. దాన్ని ఆపడానికి, విండోస్ సెట్టింగులను నిర్వాహకులు నియంత్రించే గ్రూప్ పాలసీలో కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, సిస్టమ్, గ్రూప్ పాలసీ వరుసలో వెళ్లి, ‘కంటిన్యూ ఎక్స్‌పీరియన్సెస్ ఆన్ దిస్ డివైస్’ అన్న అంశాన్ని డిజేబుల్ చేయాలి. ఫైళ్లు పంపే గూగుల్ క్విక్ షేర్ విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే ప్రోగ్రామ్ కాబట్టి దానికి ప్రత్యేక నిషేధం అవసరం. మ్యాక్ కంప్యూటర్లలో ఇదే పని చేసే ఎయిర్‌డ్రాప్‌ను, సంస్థ పంపే సెట్టింగుల ఫైలైన నిర్వహణ ప్రొఫైల్ ద్వారా నిలిపివేయవచ్చు.

కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేశాక, ఒక చిన్న టెక్స్ట్ ఫైలును ముందు కంప్యూటర్ నుంచి ఫోన్‌కు, తరువాత ఫోన్ నుంచి కంప్యూటర్‌కు పంపి చూడాలి. రెండు వైపులా విఫలమయ్యాక, హెడ్‌సెట్ కలిపి మాట వినిపిస్తోందో లేదో కూడా సరిచూడాలి. పనిలో భాగంగా ఫోన్‌తో తీసిన ఫోటోలను కంప్యూటర్‌లోకి తెచ్చుకోవలసిన ఉద్యోగులు ఉంటే, నిషేధం అమలయ్యే ముందే వారికి సంస్థ ఆధీనంలోని అప్‌లోడ్ ఫోల్డర్‌ను ఇవ్వాలి. లేకపోతే అవే ఫోటోలు సొంత ఈమెయిల్ ఖాతాల గుండా ప్రయాణిస్తాయి.