మ్యూజియం స్టోర్‌లో, ఆర్కైవ్స్‌లో పరిశోధనకు అనుమతి: దరఖాస్తు ఎలా చేయాలి

బ్రిటిష్ మ్యూజియం దగ్గర సుమారు 80 లక్షల వస్తువులున్నాయి. గ్యాలరీల్లో మనకు కనిపించేవి 80 వేల దాకానే. మిగతావన్నీ స్టోర్‌లోనే, అంటే వస్తువులు భద్రపరిచే గదుల్లోనే ఉంటాయి. ఏ పెద్ద మ్యూజియం చూసినా దాదాపు ఇదే కథ. కొత్త సంగతులు బయటపడేది కూడా ఎక్కువగా ఆ స్టోర్‌లోనే. 2013లో కొత్త జంతుజాతిగా ప్రకటించిన ఒలింగ్విటో జాడ ముందు దొరికింది ఆండీస్ అడవుల్లో కాదు. చికాగో ఫీల్డ్ మ్యూజియం సొరుగుల్లో ఎన్నో ఏళ్లుగా పడివున్న చర్మాలు, పుర్రెలు చూసి పట్టుకున్నారు.

అలాంటి సొరుగు మన కోసం తెరవాలంటే ప్రొఫెసర్ అయి ఉండాలేమో అనుకుంటారు చాలామంది. సంస్థ నుంచి ఉత్తరం ఉంటే పని తేలికవుతుంది, నిజమే. కానీ ఏ వస్తువు చూడాలి, ఎందుకు చూడాలి అన్నది సూటిగా రాయగలిగితే స్వతంత్ర పరిశోధకులకూ చాలా చోట్ల అనుమతి ఇస్తారు.

దరఖాస్తు కంటే ముందు కేటలాగ్ పట్టండి. ప్రతి వస్తువుకీ ఒక అక్సెషన్ నంబర్, అంటే మ్యూజియం తన రికార్డుల్లో దానికిచ్చిన గుర్తింపు సంఖ్య ఉంటుంది. మీకు కావలసింది అదే. నా మొదటి దరఖాస్తులో "మీ దగ్గరున్న పాత నేత వస్త్రాలు చూడాలి" అని రాశాను. రెండు వారాలకు ఒక్క ముక్క జవాబొచ్చింది: "ఏవి?" రెండోసారి మూడు నంబర్లు రాసి, "అంచు దగ్గర దారం పురి ఎస్ అక్షరం నడుమ గీతలా వాలిందా, జెడ్ గీతలానా అన్నది లెన్స్‌తో చూడాలి, ఫొటో తీసుకోవాలి, ఒక్కోదానికి అరగంట చాలు" అన్నాను. నాలుగో రోజుకే తేదీ ఇచ్చారు. అంత వివరం ఉంటే ఏ పెట్టె దించాలో, ఎవరు పక్కన కూర్చోవాలో వాళ్లకు తెలుస్తుంది. కేటలాగ్‌లో దొరక్కపోతే ఆ సేకరణ చూసుకునే అధికారికి, అంటే క్యూరేటర్‌కు చిన్న ఈమెయిల్ పెట్టండి. ఆన్‌లైన్‌కి ఎక్కని పాత రిజిస్టర్లు, కార్డులు చాలా చోట్ల ఇంకా ఉన్నాయి. కొన్ని వారాల ముందే అడగండి. వచ్చే సోమవారం వస్తానంటే కుదరదు.

పాత పత్రాలు దాచే ఆర్కైవ్స్‌లో పని ఇంకా తేలిక. బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో అసలు పత్రాలు చూడాలంటే రీడర్స్ టికెట్ (చదువుకునేవారికిచ్చే ప్రవేశ కార్డు) తీసుకుంటే చాలు. గుర్తింపు, చిరునామా రుజువులు చూపించాలి, ఫైలు నంబర్లు ముందే పంపితే వెళ్లేసరికి సిద్ధంగా ఉంచుతారు. అయితే ఫైలు ఉన్నంత మాత్రాన తెరిచి ఉందనుకోకండి. ఇంగ్లండ్, వేల్స్ 1921 జనగణన వివరాలు వందేళ్లు మూసే ఉంచి 2022 జనవరిలో బయటపెట్టారు. కాబట్టి ప్రయాణం టికెట్ కొనే ముందే "ఈ ఫైలు ఇప్పుడు ఇస్తారా?" అని రాతపూర్వకంగా అడగండి.

పరీక్ష కోసం వస్తువు నుంచి నమూనా కోయాలన్నా, గీకాలన్నా విడిగా దరఖాస్తు ఉంటుంది. ఇది ఒక్క క్యూరేటర్ చేతిలో ఉండదు, నెలలు పడుతుంది. అంత దూరం వెళ్లే ముందు, వస్తువుకు ఏమీ కాకుండా జవాబు దొరుకుతుందేమో ఆలోచించండి. పక్షుల గుడ్ల పెంకులు పలచబడుతున్నాయని 1967లో బ్రిటన్ ప్రకృతి శాస్త్రవేత్త డెరెక్ రాట్‌క్లిఫ్ చూపించింది సేకరణల్లో దాచిన పాత గుడ్లతోనే. పెంకు బరువు, పొడవు, వెడల్పు కొలిచి లెక్కగట్టారు, ఒక్క గుడ్డూ పగలగొట్టనక్కర్లేకపోయింది. ఆ పలచదనానికి కారణం డీడీటీ అనే పురుగుమందు అని తర్వాత తేలింది. మీ దరఖాస్తులోనూ ముందు ఇలాంటి కొలతలే రాయండి. కోత తప్పదనుకుంటే ఎన్ని మిల్లీగ్రాములు, ఎక్కడి నుంచి, మిగిలింది ఎలా తిరిగిస్తారు అన్నవి చెప్పాలి.

వెళ్లిన రోజు బ్యాగు, పెన్ను రెండూ లాకర్‌లోకి. లోపల పెన్సిలే. గ్లవ్స్ గురించి వాదించకండి: కాగితానికి చాలా చోట్ల శుభ్రమైన చేతులే మేలంటారు, ఫొటోలకు, లోహాలకు మాత్రం గ్లవ్స్ వేస్తారు. చర్మంలో కూరి నిలబెట్టిన పాత స్టఫ్డ్ జంతువుల దగ్గరైతే గ్లవ్స్ మీ కోసమే, పురుగు పట్టకుండా వాటికి ఆర్సెనిక్ అనే విషం పూసేవారు.

ఫొటో తీసుకునే అనుమతి, దాన్ని అచ్చువేసుకునే అనుమతి రెండూ వేరు. ఫారంలో రెండు గళ్లూ చూసుకోండి, చాలామంది రెండోది వదిలేసి పుస్తకం అచ్చుకు వెళ్లేటప్పుడు టెన్షన్ పడతారు. పని అయ్యాక వ్యాసం కాపీ ఒకటి పంపండి. లేబుల్ మీద తప్పు కనబడితే అక్సెషన్ నంబర్‌తో సహా రాసి పంపండి, చాలా చోట్ల దాన్ని ఆ వస్తువు రికార్డులో చేరుస్తారు.