సొంత పొలంలో మట్టికట్ట కుంట: కట్టను కాపాడుకుంటూ నీటిని అనుభవించడం ఎలా

హైదరాబాదు చుట్టుపక్కల మండలాల్లో పొలం కొనుక్కున్నవారికి ఒక్కోసారి ఆ భూమితోపాటు ఒక చిన్న కుంట కూడా దక్కుతుంది. సెలవు రోజుల్లో ఈత కొట్టవచ్చనీ, గాలం వేయవచ్చనీ, పిల్లలను పడవ ఎక్కించవచ్చనీ సంతోషిస్తారు. ఆ నీటిని నిలబెడుతున్న మట్టికట్ట గురించి మాత్రం తక్కువమంది ఆలోచిస్తారు. వెనకటికి ఊరి చెరువుకు నీరటి ఉండేవాడు. వానాకాలం రాత్రుళ్లు లాంతరు పట్టుకుని కట్ట మీద తిరిగేవాడు. సొంత కుంటకు ఆ నీరటి యజమానే.

2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లకు మించిన ఎత్తున్న కట్టలకూ, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉండి కొన్ని ప్రత్యేక లక్షణాలున్న వాటికీ వర్తిస్తుంది. మూడు నాలుగు మీటర్ల కుంటకట్ట ఆ లెక్కలోకి రాదు కాబట్టి, ఆ చట్టం ప్రకారం దాన్ని ఏటా తనిఖీ చేయడానికి ఇంజినీరు ఎవరూ రారు. అంతమాత్రాన అది ప్రమాదం లేనిదని అనుకోకూడదు. ఒక ఎకరంలో సగటున 2 మీటర్ల లోతున నిలిచిన నీరు దాదాపు 8,000 ఘనపు మీటర్లు, అంటే 8,000 టన్నులు. గండి పడితే అదంతా దిగువ పొలం మీదికీ, గుడిసెల మీదికీ, బాట మీదికీ కొద్దిసేపట్లోనే పోతుంది.

మట్టికట్టకు అన్నిటికంటే పెద్ద శత్రువు తన తల మీదుగా పొర్లే నీరు. రాతికట్ట కొంతసేపు తట్టుకోవచ్చు గానీ, మట్టిని పొర్లునీరు వెలుపలి వాలు నుంచి కోసుకుంటూ వస్తుంది. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట వరద పొర్లి కొట్టుకుపోయిన సంగతి తెలిసిందే. తెలంగాణలో మత్తడి అనీ, నెల్లూరు వైపు కలుజు అనీ, మిగతాచోట్ల అలుగు అనీ పిలిచే పొర్లుదారి ఉన్నది ఇటువంటి వరదను పక్కనుంచి పంపడానికే. మీ కుంటలోకి నీరు వచ్చే భూమి 100 ఎకరాలు అనుకుందాం. దాని మీద ఒక్క రాత్రిలో 100 మిల్లీమీటర్ల వాన కురిసి, అందులో సగమే పారినా 20,000 ఘనపు మీటర్ల నీరు వస్తుంది. పైన చెప్పిన కుంట ఖాళీగా ఉన్నా అందులో సగం కూడా పట్టదు. అందుకే అలుగు వెడల్పును కుంట పరిమాణాన్ని బట్టి కాక, ఎగువ భూమిని బట్టి నిర్ణయించాలి. ఈ లెక్కను సొంతంగా వేసుకోకుండా నీటిపారుదల పని తెలిసిన ఇంజినీరుతో వేయించుకోవడం మంచిది. నిండు నీటిమట్టానికీ కట్ట తలకూ మధ్య కనీసం ఒక మీటరు ఎడం ఉంచాలి. ఏళ్లు గడిచేకొద్దీ కట్ట అక్కడక్కడా కుంగుతుంది కాబట్టి, ఆ ఎడాన్ని అత్యంత పల్లంగా ఉన్నచోట కొలవాలి.

వినోదం కోసం కుంటను ఉంచుకున్నవారు సాధారణంగా చేసే తప్పులు మూడూ ఈ ఎడాన్ని తినేసేవే. నీరు ఎక్కువ నిలవాలని అలుగు మీద ఇసుక బస్తాలు పేరుస్తారు. పెంచిన బొచ్చె, శీలావతి చేపలు వరదలో పోతాయని అలుగుకు అడ్డంగా వలో తడికో కడతారు. కారు పోయేందుకు వీలుగా కట్ట తలను చెక్కి వెడల్పు చేస్తారు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ మట్టికట్ట కథ వీరందరూ తెలుసుకోవలసినది. సంపన్నుల చేపలవేట, షికారు క్లబ్బు ఒకటి ఆ జలాశయాన్ని కొని విహారానికి ఉంచుకుంది. బగ్గీలు పోవడానికి కట్ట తలను తగ్గించారు. చేపలు తప్పించుకోకుండా పొర్లుదారిలో జల్లెడలు పెట్టారు. అడుగున నీటిని వదిలే ఇనుప గొట్టాలను పాత యజమాని అంతకుముందే తీసి అమ్మేయగా, వాటిని మళ్లీ అమర్చలేదు. 1889 మే 31న కుండపోత వానకు జల్లెడలు చెత్తతో మూసుకుపోయాయి, నీరు కట్ట మీదుగా పొర్లి, కట్ట తెగింది. దిగువన జాన్స్‌టౌన్ పరిసరాల్లో 2,200 మందికి పైగా చనిపోయారు. మన కుంట అంత పెద్దది కాకపోవచ్చు, కానీ చేస్తున్న తప్పులు అవే. చేపలు పోతే మళ్లీ చేపపిల్లలను తెచ్చి వేసుకోవచ్చు. అలుగును మాత్రం తెరిచే ఉంచాలి.

కట్ట పరీక్ష రోహిణి కార్తెలో, నీరు అడుగంటి ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. ముందుగా ముళ్లకంపను కొట్టించి వాలు మొత్తం కంటికి కనిపించేలా చేసుకోవాలి. సర్కారు తుమ్మ, తాటి, వేప, ఏదైనా సరే, కట్ట మీద చెట్టు ఉండకూడదు. వేరు కుళ్లితే దాని దారే నీటికి దారి అవుతుంది. చెట్టు చిన్నదైతే వేరుతో సహా పెకిలించి, ఆ గుంతను బంకమట్టితో పొరలు పొరలుగా దిమ్మిస చేయాలి. పెద్దదైతే తెలిసినవారిని అడగకుండా పెకిలించరాదు. గరిక అయితే మంచిదే, అది మట్టిని పట్టి ఉంచుతుంది. తరువాత పందికొక్కు కలుగులు, ఎండ్రకాయ బొరియలు, చీమల పుట్టలు, పగుళ్లు వెతకాలి. కట్ట పొడవునా సాగే పగులు కంటే, కట్టకు అడ్డంగా లోపలి నుంచి వెలుపలికి పోయే పగులు ఎక్కువ ప్రమాదకరం. కట్ట అడుగునుంచి నీటిని వదిలే తూము గొట్టం చుట్టూ మట్టి వదులైందేమో కూడా చూడాలి. కట్ట లోపల నీరు తొలిచే రంధ్రాలు, అంటే బుంగలు, చాలావరకు మొదలయ్యేది అక్కడే.

కుంట నిండిన తరువాత పరీక్షించవలసింది వెలుపలి పాదం, అంటే కట్ట వెలుపలి వాలు నేలను కలిసే చోటు. మట్టికట్ట అన్నాక కొంత ఊట సహజం. ఆ ఊటనీరు తేటగా, ఒకే తీరుగా వస్తుంటే చిన్న కాలువ తీసి దూరంగా పంపి, వారానికొకసారి ఒక సీసాలో పట్టి చూసుకుంటే చాలు. ఊట పెరుగుతున్నా, నీరు బురదగా మారినా, పాదం దగ్గర ఇసుక కుతకుతలాడుతూ పైకి వస్తున్నా కట్ట లోపల మట్టి కొట్టుకుపోతున్నదని అర్థం. దీన్నే మన పెద్దలు బుంగ పడటం అన్నారు. చాలామంది వెంటనే బయటి రంధ్రంలో బంకమట్టి కుక్కుతారు. అది తప్పు, అక్కడ మూస్తే నీరు మరోచోట దారి చేసుకుంటుంది. రంధ్రం చుట్టూ ఇసుక బస్తాలతో దడి కట్టి, లోపల ముందు ముతక ఇసుక, దాని మీద చిన్న కంకర, ఆపై పెద్ద రాళ్లు వేయాలి. నీరు బయటికి వస్తుంది గానీ మట్టి రాదు. అదే సమయంలో తూము తీసి మట్టం తగ్గించాలి. మామూలు రోజుల్లో రోజుకు అడుగుకు మించి దించకూడదు, ఎందుకంటే తడిసి బరువెక్కిన లోపలి వాలు నీటి ఆసరా ఒక్కసారిగా పోతే జారిపోతుంది. బుంగ పెద్దదవుతుంటే మాత్రం ఆ జాగ్రత్త కంటే నీరు తగ్గించడమే ముఖ్యం, దిగువ వారిని లేపి పంపడం అంతకంటే ముఖ్యం.

ఇక వినోదానికి వస్తే, ఈతకు కట్ట పక్క స్థలం తగదు. కట్టకు మట్టి తీసిన గుంతలు లోపలే ఉంటాయి. మోకాటి లోతులో నడుస్తున్న పిల్లవాడు రెండో అడుగులోనే నిలువు లోతులో పడతాడు. ఒండ్రు పేరుకున్నచోట కాలు దిగబడుతుంది. వేసవిలో నీరు తగ్గినప్పుడు గుంతలను గుర్తించి, వాలు మెల్లగా ఉన్న ఎగువ ఒడ్డున ఈత హద్దును కర్రలతో, తేలే డబ్బాలతో గుర్తించాలి. తూము తెరిచి ఉన్నప్పుడు ఎవరినీ నీటిలోకి దిగనివ్వకూడదు, దాని లాగుడును ఎంత బలమైన ఈతగాడైనా తట్టుకోలేడు. అలుగు పారుతున్నప్పుడు దాన్ని దాటే ప్రయత్నం, అక్కడ ఫొటోల కోసం నిలబడటం రెండూ మానాలి. పడవలో ఎక్కే ప్రతివారికీ, ఈత వచ్చినవారికి కూడా, లైఫ్ జాకెట్ ఉండాలి. మద్యం తాగినవారికి నీటిలో చోటు లేదని ముందే చెప్పాలి; అతిథులకు చెప్పడం మొహమాటమైనా చెప్పాలి. ఉరుము వినబడగానే నీటిలోంచి, తాటిచెట్ల కిందినుంచి కూడా బయటపడాలి. గాలం వేయడానికి ఒడ్డు చాలు, కట్ట లోపలి రాతి పరుపు నుంచి రాళ్లు పీకి కూర్చునే అరుగులు చేసుకోవద్దు.

ఒడ్డున ఒక గుంజకు పొడవాటి వెదురు, 20 మీటర్ల తాడు, మూత బిగించిన ఖాళీ క్యాన్ ఎప్పుడూ కట్టి ఉంచాలి. మునిగిపోతున్నవారి కోసం దూకకుండా ముందు వెదురు అందించాలి, అందకపోతే క్యాన్ కట్టిన తాడు విసరాలి. మనదగ్గర కాపాడబోయినవారు కూడా పోవడం తరచుగా జరుగుతుంది. బయటికి తెచ్చినవారిని తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం చేయరాదు. ఊపిరి లేకపోతే ముందు నోటితో ఊపిరి అందించి, ఆపై ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా 30 సార్లు నొక్కి 2 ఊపిరులు, మళ్లీ 30 నొక్కులు, ఇలా 108 అంబులెన్సు వచ్చేదాకా ఆపకుండా చేయాలి.

దిగువ పొలాల వారితో మొహమాటం లేకుండా మాట్లాడి, వారి ఫోను నంబర్లు తీసుకుని, 108, 112 నంబర్లతోపాటు పంపుషెడ్డు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. తూము తాళంచెవి ఎక్కడ ఉంటుందో అక్కడే రాయండి. మృగశిర ప్రవేశించేలోపు ఒకసారి, కోస్తా వారైతే తుపానుల కాలానికి ముందు మరొకసారి, ఆ తూము తలుపు నిజంగా లేస్తుందో లేదో తిప్పి చూడండి.