సెల్ఫ్ కొట్టేముందు, బండి కింద దూరేముందు

రిపేరు షెడ్డులో ప్రమాదం అనగానే జాకీ మీంచి జారిన కారే గుర్తొస్తుంది. కానీ అందరూ తేలిగ్గా తీసుకునేది ఇంకోటుంది. గేరులో వదిలేసిన కారు. హెల్పర్ కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పుతాడు. క్లచ్ తొక్కే కాలు లోపల లేదు. ఇంజిన్ అందుకోకపోయినా సరే, సెల్ఫ్ మోటారు బలానికే బండి ఒక్క దూకు దూకుతుంది. బానెట్ ముందు వంగి చూస్తున్న మనిషి మోకాళ్లు బంపరుకీ వెనకున్న పనిబల్లకీ మధ్య నలుగుతాయి. అందుకే సీట్లో కూర్చుని, న్యూట్రల్ చూసుకుని, క్లచ్ తొక్కాకే సెల్ఫ్ కొట్టాలి. ముందు ఎవరైనా ఉంటే "తప్పుకో" అని అరిస్తే చాలదు, తప్పుకునేదాకా ఆగాలి.

బ్రేకు ప్యాడ్లు మార్చిన బండితో ఇంకో చిక్కు. కొత్తవి పట్టడానికి, ప్యాడ్లని నొక్కే పిస్టన్‌ని లోపలికి నెట్టేసి ఉంటారు కాబట్టి మొదటిసారి తొక్కితే పెడల్ నేలదాకా పోతుంది, బ్రేకు పడదు. బండి కదిలించకముందే పెడల్ గట్టిపడేదాకా మళ్లీ మళ్లీ తొక్కండి.

ఇక జాకీ. అది ఎత్తడానికే, మోయడానికి కాదు. లోపల నూనెని ఆపే సీలు కారితే మెల్లగా దిగుతుంది, తెగితే ఒక్కసారిగా పడుతుంది. గట్టి నేల మీద, కంపెనీ చెప్పిన చోట్ల బరువు మోసే స్టాండ్లు పెట్టి, బండిని ఓసారి ఊపి చూశాకే కింద దూరండి. ఇటుకలు వద్దేవద్దు, బరువుకి చెప్పకుండా పగులుతాయి.

"హ్యాండ్ బ్రేక్ వేశాను కదా" అంటారు. చాలా కార్లలో అది పట్టేది వెనక చక్రాలనే. ఆ రెండూ గాల్లో ఉంటే అది వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. గేరు మీద నమ్మకమూ అంతే: ఇంజిన్ తిప్పే చక్రాల్లో ఒకటి పైకి లేస్తే రెండు చక్రాలనీ వేర్వేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ వల్ల రెండోది దొర్లిపోగలదు. నేల మీదున్న చక్రాలకి ముందూ వెనకా అడ్డు చెక్కలు పెట్టాల్సిందే. తాళం మాత్రం కింద దూరేవాడి జేబులోనే ఉండాలి, బండికి వదలొద్దు. దీనిమీద నాకు కాస్త చాదస్తమే.

షట్టరు మూసి ఇంజిన్ నడపొద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు. తలనొప్పి, వికారం మొదలైతే ఎండవల్లేమో అనుకుని కూర్చోకుండా ముందు బయటి గాలికి రండి.