వాగు లెక్క – 4వ పాఠం: చెరువును తీసేయకండి

వాగు అడుగున వేసిన గ్యాస్ పైపు కోసం ఈసారి కోత లోతు, అంటే వరదకు వాగు అడుగు ఎంత కోసుకుపోతుందన్నది మొదలుపెడదామనుకున్నా, వాగులో నీళ్లెంత పారుతున్నాయో కొలిచి మీరు పంపిన లెక్కలు చూశాక దాన్ని పక్కన పెట్టేశా. ముందు పాతది సర్దుకుందాం.

సగం మంది వేగాన్ని 0.85తో గుణించడం మర్చిపోయారు. తేలే వస్తువు చూపించేది పైనున్న నీళ్ల వేగం, అడుగున ఇసుక, తుంగ పట్టి లాగుతుంటాయి కాబట్టి సగటు అంతకన్నా తక్కువే ఉంటుంది. 20 మీటర్లు 16 సెకన్లలో పోతే సెకనుకు 1.25 మీటర్లు, దాన్ని 0.85తో గుణిస్తే 1.06. వాగు అడ్డకోత (ఈ గట్టు నుంచి ఆ గట్టుకు అడ్డంగా కోస్తే నీళ్లున్న మేర) 18 చదరపు మీటర్లు గనక సెకనుకు 19 ఘనపు మీటర్లు, మీరు రాసిన 22.5 కాదు. ఒకరైతే కోట ఊరి పక్క వాగులో మధ్యాహ్నం పూట సముద్రపు గాలి ఎదురు కొడుతుంటే థర్మోకోల్ ముక్క వదిలారట. అది వెనక్కి రాలేదు, సంతోషం! నేను లీటరు సీసాను ముప్పాతిక నీళ్లతో నింపి, మూత బిగించి వదులుతా. గాలికి దొరకదు.

అడ్డకోత గురించి మళ్లీ చెప్పను. తాడు, కొలకర్ర, అంతే.

ఇక అసలు సంగతి. మీరు కొలిచింది ఆ రోజు పారిన నీళ్లు. గ్యాస్ పైపు మీద మన్ను కొట్టుకుపోయేది మాత్రం నవంబరులో వాయుగుండం వచ్చిన రోజు. దానికి పాత మద్రాసు రోజుల నుంచి వాడుతున్న రైవ్స్ సూత్రం చాలు: పరివాహక ప్రాంతం, అంటే ఆ వాగులోకి వాన నీళ్లు దిగే నేలంతా, చదరపు కిలోమీటర్లలో తీసుకుని, దాని 2/3 ఘాతం కట్టి, సముద్రానికి 80 కిలోమీటర్ల లోపలైతే 6.8తో గుణించాలి. మన వాగుకు 64 చదరపు కిలోమీటర్లు, దానికి 16 వస్తుంది, అంటే సెకనుకు 108.8 ఘనపు మీటర్లు.

ముగ్గురు 64 బదులు 27 తీసుకుని 61 పంపారు. ఎందుకయ్యా అంటే, పైన రెండు చెరువులున్నాయి, వాటి వెనకాల 37 చదరపు కిలోమీటర్ల నీళ్లు అక్కడే ఆగిపోతాయి కదా సార్ అన్నారు. ఆగవు! చెరువు ఆపేది ఎండిపోయి ఉన్నప్పుడు. వాయుగుండం నాటికి అది నిండి కలుజు (ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే గోడ) పారుతుంటుంది. నేను చూసిన ఒక కలుజు మీద రైతులు ఇంకో అడుగు నీళ్లు నిలుస్తాయని ఇసుక బస్తాలు పేర్చారు, మధ్యలో ఒకటి చినిగి అందులోంచి నీళ్లు చిమ్ముతున్నాయి, కట్ట అవతల కయ్యలు, అంటే వరి మడులు. రాత్రికి ఇంకో వాన పడితే ఏమవుతుందో మీరే చెప్పండి. మనవి గొలుసుకట్టు చెరువులు, పైదానికి గండి పడితే కిందిదీ తట్టుకోదు. 2021 నవంబరులో జరిగింది అదే వరస: ముందు పింఛా కట్ట, ఆ తర్వాత చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట. ఆ వరదల్లోనే ఇక్కడ నెల్లూరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. కాబట్టి విస్తీర్ణంలోంచి చెరువును తీసేయకండి. గండి నీళ్లు రైవ్స్‌లో లేవు, అవి పైన కలపాల్సినవి.

అభ్యాసం: మీ ఊరి వాగు ఒకటి పట్టుకోండి. టోపోషీటు (సర్వే శాఖ పటం) మీద పైనున్న ప్రతి చెరువునూ గుర్తించి, కనీసం రెండు కలుజుల దాకా నడిచి వెళ్లి పొడవు, ఎత్తు కొలవండి. 2015 వరదకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఇద్దరు పెద్దవాళ్లను వేర్వేరుగా అడగండి, ఒకరి ముందు ఇంకొకరిని అడిగితే ఇద్దరూ ఒకే గోడ చూపిస్తారు. వంతెన స్తంభం ఎగువ వైపు వరద నీళ్ల మచ్చ వద్దు, అక్కడ నీళ్లు ఎగదన్నుతాయి. ఆ మట్టానికి అడ్డకోత కట్టి, రైవ్స్ అంకె పక్కన పెట్టి పంపండి. రెంటికీ పొంతన లేకపోతే దిద్దకండి, ఉన్నదున్నట్టు పంపండి.