డిక్రీ నుంచి జప్తు దాకా - 4వ పాఠం: పన్నెండేళ్ల లెక్క

పోయిన పాఠంలో డిక్రీ (దావా తేల్చిన కోర్టు ఉత్తర్వు) కాపీ చదవడం నేర్చుకున్నాం. ఓఎస్ (దావా) నంబరు, తీర్పు తేదీ, అసలు, వడ్డీ, ఖర్చులు ఎక్కడెక్కడ ఉంటాయో చూశాం. ఆ కాగితం ఎన్నాళ్లు పనికొస్తుంది, దాన్ని పట్టుకుని వేయించిన జప్తు ఎన్నాళ్లు నిలుస్తుంది అన్నది ఈసారి పాఠం. ఇవి రెండు వేర్వేరు లెక్కలు.

ముందుగా ఒక అపోహ సంగతి చూద్దాం. డబ్బు డిక్రీ చేతికొచ్చినంత మాత్రాన బాకీదారు ఇంటి మీదో పొలం మీదో మనకు ఏ హక్కూ రాదు. అమెరికాలో పద్ధతి వేరు. కాలిఫోర్నియాలో కోర్టు తీర్పు సారాంశాన్ని భూమి రికార్డుల్లో నమోదు చేయిస్తే ఆస్తి మీద భారం పడుతుంది, తీర్పు నమోదైన నాటి నుంచి పదేళ్లు ఉంటుంది, పొడిగించుకోవచ్చు కూడా. అక్కడున్న బంధువులు చెప్పిన మాట విని ఇక్కడ నిశ్చింతగా కూర్చునేవాళ్లున్నారు. మన దగ్గర ఈపీ (డిక్రీ అమలు చేయమని కోరే దరఖాస్తు) వేసి జప్తు చేయించేదాకా ఆస్తికీ డిక్రీకీ ముడి పడదు.

ఇక మొదటి లెక్క. 1963 కాలపరిమితి చట్టం 136వ అధికరణం ప్రకారం డిక్రీ అమలుకు 12 ఏళ్లు గడువు. డిక్రీ అమలు చేయదగినదైన రోజు నుంచి ఇది మొదలవుతుంది. మామూలు డబ్బు డిక్రీకైతే అది తీర్పు తేదీయే. డిక్రీ కాగితం తయారై, సంతకమై, కాపీ మన చేతికొచ్చేసరికి నెలలు గడిచినా ఆ నెలలు మన ఖాతాలోనే పోతాయి. అప్పీలు గడువు లెక్కలో కాపీకి పట్టిన రోజులు తీసేస్తారు కదా, ఇక్కడా అంతే అనుకోవద్దు.

ఉదాహరణకు డిక్రీ 2013 జూన్ 18న వచ్చింది. మొదటి రోజు వదిలేసి లెక్కపెడితే చివరి రోజు 2025 జూన్ 18. ఆ రోజు కోర్టుకు సెలవైతే తెరిచిన రోజు వేయవచ్చు. వాయిదాల డిక్రీ అయితే కట్టాల్సిన తేదీ తప్పిన ప్రతి వాయిదాకీ దాని లెక్క దానిదే. నిర్మాణం తీసేయమనో, ఫలానా పని చేసి తీరమనో ఇచ్చిన ఆదేశానికి మాత్రం మూడేళ్లే. ఫలానా పని చేయొద్దనే శాశ్వత ఇంజంక్షన్‌కు గడువే లేదు.

అప్పీలు పడితే? అప్పీలు వేసినంత మాత్రాన అమలు ఆగదు, స్టే ఉండాలి. స్టే ఉన్న కాలాన్ని 15వ సెక్షన్ కింద లెక్కలోంచి తీసేస్తారు. పై కోర్టు విచారించి తీర్పిస్తే కింది డిక్రీ అందులో కలిసిపోతుంది కాబట్టి 12 ఏళ్లూ ఆ తేదీ నుంచి మొదలవుతాయి.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడ. ప్రామిసరీ నోటు మీద కొంత కట్టించి, వెనక రాయించి సంతకం పెట్టించుకుంటే కొత్తగా మూడేళ్లు వస్తాయని అందరికీ తెలుసు. అదే అలవాటుతో డిక్రీ తర్వాత కూడా ఏటా ఇంత అని తీసుకుంటూ, సంతకాలు పెట్టించుకుంటూ కాలం వెళ్లదీస్తారు. డిక్రీకి ఇది చెల్లదు. 19వ సెక్షన్ వివరణలోనే ‘అప్పు’ అంటే డిక్రీ బాకీ కాదని స్పష్టంగా రాశారు, బాకీ ఒప్పుకోలుకు సంబంధించిన 18వ సెక్షన్ కూడా ఈపీకి వర్తించదు. బాకీదారు ఎంత కట్టినా, ఎంత బతిమాలినా 12 ఏళ్ల గడువు ఒక్క రోజు కూడా జరగదు. దాటితే ఆలస్యాన్ని మన్నించమని అడగడానికి కూడా లేదు, ఎందుకంటే 5వ సెక్షన్, డిక్రీ అమలు గురించి చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 కింద వేసే దరఖాస్తులకు పనిచేయదు.

మీరే బాకీదారు అయితే ఇంకో మాట. కోర్టు బయట కట్టిన డబ్బును 30 రోజుల్లోగా కోర్టులో నమోదు చేయమని అడగండి. నమోదు కాని చెల్లింపును అమలు కోర్టు పట్టించుకోదు, చేతిలో రసీదు ఉన్నా సరే.

కోవిడ్ కాలంలో, 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న రోజులను గడువు లెక్కలోంచి తీసేయమని సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా ముందు అది లేదనుకునే లెక్క కట్టండి. గడువు దాటిపోయినట్టు తేలితే అప్పుడు వకీలు దగ్గర ఆ సంగతి ఎత్తండి.

రెండో లెక్క జప్తుది. ఆర్డర్ 21, 54వ రూలు కింద కోర్టు నిషేధ ఉత్తర్వు ఇస్తుంది, ఆస్తి దగ్గర టముకు వేయించి కాగితం అంటిస్తారు. ఆ తర్వాత బాకీదారు అమ్మినా, దానం రాసినా జప్తు కింద మనకున్న హక్కు ముందు అది చెల్లదు (సివిల్ ప్రొసీజర్ కోడ్ 64వ సెక్షన్). జప్తుకు ముందే రిజిస్టరైన అమ్మకం ఒప్పందం ఉంటే మాత్రం దాని ప్రకారం జరిగిన అమ్మకానికి మినహాయింపు ఉంది. కొనేవాళ్లకు నా సలహా, ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) ఏమీ కనబడలేదని జప్తు లేదనుకోకండి.

జప్తుకు ఇన్నేళ్లని గడువేమీ లేదు. అది ఈపీతో ముడిపడి ఉంటుంది. ఈపీ కొట్టేసినప్పుడు జప్తు కొనసాగాలా, ఎప్పటిదాకా అన్నది కోర్టు చెప్పాలి. చెప్పకపోతే జప్తు పోయినట్టే, అది 57వ రూలు. వాయిదాకు ఎవరూ వెళ్లక ఈపీ డిఫాల్టు కింద పోవడం రోజూ జరిగేదే. అప్పటికి 12 ఏళ్లు దాటి ఉంటే కొత్త ఈపీకి దారి లేదు, పాతదాన్నే తిరిగి తెరిపించాలి. దానికి 30 రోజులే. అందుకే ఈపీ కొట్టేసిన ఆర్డరు ఒక్క వాక్యమే అయినా కాపీ తెచ్చుకుని చదవండి.

అభ్యాసం: 2014 ఆగస్టు 11న డబ్బు డిక్రీ. అప్పీలు లేదు. 2019లో ఈపీ వేసి ఇల్లు జప్తు చేయించారు. 2022 జూలైలో ఈపీ డిఫాల్టు కింద కొట్టేశారు, ఆర్డరులో జప్తు ఊసే లేదు. 2023లో బాకీదారు ఇల్లు అమ్మేశాడు, అదే ఏడాది 20,000 రూపాయలు కట్టి రసీదు తీసుకున్నాడు. ఆ అమ్మకానికి పాత జప్తు అడ్డమవుతుందా? కోవిడ్ మినహాయింపు పక్కన పెడితే కొత్త ఈపీకి చివరి తేదీ ఏది? 20,000 కట్టడం వల్ల ఆ తేదీ మారుతుందా? జవాబుతో పాటు ఏ రూలు, ఏ సెక్షన్ అన్నది కూడా రాసి పెట్టుకోండి. 5వ పాఠంలో సరిచూసుకుని, జప్తు చేయకూడని ఆస్తులు చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లోకి వెళదాం.