చెరువులో గాలపు చేపల లెక్క తీయడం ఎలా?

గాలానికి పెద్ద చేపలు పడటం లేదనగానే చాలామంది కొత్త చేపపిల్లలను తెచ్చి నీటిలో వదులుతారు. చెరువు అప్పటికే కిక్కిరిసి ఉంటే ఇది రోగాన్ని పెంచే వైద్యమే అవుతుంది. లార్జ్‌మౌత్ బాస్ వంటి వేటాడే చేపలు మితిమీరిన చోట ఒక్కొక్కదానికి దక్కే మేత తగ్గి, వయసు వచ్చినా ఒళ్లు రాక, గిడసబారిపోతాయి. కనుక ముందు లెక్క తీయాలి. వల వేయడానికి, చేపలకు గుర్తు పెట్టడానికి అనుమతి అవసరమేమో మత్స్యశాఖ వారిని అడిగి తెలుసుకున్నాకే పని మొదలుపెట్టండి.

ఇందుకు చేపలను రెండు విడతలుగా పట్టాలి: మొదట పట్టినవాటికి గుర్తు పెట్టి వదిలి, రెండోసారి పడినవాటిలో గుర్తున్నవెన్నో చూస్తే మొత్తం ఎన్నో అంచనా వేయవచ్చు. మొదటి విడతలో పట్టిన ప్రతి చేపకూ పొట్ట కింద ఉండే జత రెక్కలలో ఒకదాని కొనను చిన్న కత్తెరతో కత్తిరించి, వెంటనే నీటిలో వదలాలి. చేతులు తడిగా ఉండాలి. పొడి చేతులు చేప ఒంటిమీది జిగురుపొరను ఊడదీస్తాయి, ఆ పొర పోతే చేపకు రోగాలు సులువుగా సోకుతాయి. కత్తిరించిన రెక్క కొంతకాలానికి మళ్లీ పెరుగుతుంది గనుక, చేపలు బాగా కలిసిపోయేందుకు ఒకటి రెండు వారాలు ఆగి, ఆలస్యం చేయకుండా రెండో విడత పట్టాలి. ఒకసారి గాలానికి చిక్కిన చేప మరోసారి దాని జోలికి రాకపోవచ్చు. అందుకే రెండు విడతలకు వేర్వేరు సాధనాలు వాడటం మేలు.

లెక్కకు, ఇలా గుర్తు పెట్టి మళ్లీ పట్టే పద్ధతి కోసం 1951లో గణాంక శాస్త్రవేత్త చాప్‌మన్ సవరించిన సూత్రం వాడండి. మొదట 120 చేపలకు గుర్తు పెట్టారనుకుందాం. రెండోసారి 90 పడితే వాటిలో 14 గుర్తున్నవి. మూడు అంకెలకూ ఒకటి చొప్పున కలిపి, 121ని 91తో గుణించి, 15తో భాగించి, ఒకటి తీసివేస్తే సుమారు 733 వస్తుంది. చెరువులోని మొత్తం చేపల అంచనా ఇదే. గుర్తున్నవి రెండో మూడో మాత్రమే దొరికితే ఆ అంకెను నమ్మవద్దు, మరికొన్ని పట్టండి.

పొడవు కొలిచేటప్పుడు చేపను తడి పలకమీద పరచి, మూసిన మూతిని పలక అంచుకు ఆనించి, తోక రెండు కొనలనూ దగ్గరకు నొక్కి చూడాలి. లార్జ్‌మౌత్ బాస్‌లో 20 సెంటీమీటర్లు, అంతకు మించినవి 60 ఉండి, వాటిలో 30 సెంటీమీటర్లు దాటినవి 12 మాత్రమే అయితే, పెద్దవాటి వాటా 20 శాతం. సమతూకంగా ఉన్న చెరువులో ఇది సాధారణంగా 40 నుంచి 70 శాతం ఉంటుంది.

అయితే పెద్దవి ఎందుకు తక్కువ? ఇక్కడే తొందరపడి పొరబడతారు. సమాధానం పొలుసులో ఉంటుంది. రొమ్ము రెక్క వెనుక భాగం నుంచి కొన్ని పొలుసులు తీసి భూతద్దం కింద చూస్తే, ఎదుగుదల మందగించిన కాలంలో గీతలు దగ్గరగా ముడుచుకుని ఏటికొక వలయం కనిపిస్తుంది. వయసు మీరిన చేపలలో ఈ వలయాలు స్పష్టంగా ఉండవు. వాటికి చెవిరాయి (చేప తలలో చెవి భాగాన ఉండే, ఏటేటా వలయాలు ఏర్పడే చిన్న గట్టి ముక్క) చూడటమే నమ్మకమైన దారి, కానీ అందుకు చేపను చంపక తప్పదు. 25 సెంటీమీటర్ల బాస్ చేపల పొలుసులలో వరుసగా ఐదారు వలయాలు కనిపిస్తే అవి మేత చాలక ఆగిపోయినవి. చిన్నవాటిని కొన్ని తీసివేయాలి. రెండే వలయాలుంటే ఎదుగుదల బాగానే ఉంది, పెద్దవి పట్టుబడి పోతున్నాయన్నమాట. అప్పుడు కనీస పొడవు నియమం పెట్టి, అంతకంటే చిన్నవాటిని తిరిగి వదిలించాలి.

ఏ మార్పు చేసినా, మరుసటి ఏడు అదే ఋతువులో, అవే చోట్ల, అవే సాధనాలతో మళ్లీ కొలవండి. వీటిలో ఏది మారినా రెండేళ్ల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు.