క్లాస్ బ్లాగులో అందరూ ఒకే జవాబు దింపేస్తుంటే (నా అనుభవం)

క్లాస్ బ్లాగులో పిల్లలు ఒకరి జవాబు ఒకరు దింపకుండా ఎలా ఆపాలని చాలామంది మాస్టార్లు అడుగుతున్నారు కదండి, అందుకే రాస్తున్నా. మాది అమలాపురం పక్కన హైస్కూలు, తొమ్మిదో తరగతి సోషల్. బ్లాగర్‌లో (గూగుల్ వాళ్ల ఉచిత బ్లాగు సైటు) ప్రశ్న పెడితే, కామెంట్లలో మొదటోడు రాసిందే కింద అందరూ దింపేసేవాళ్లు, అక్షరదోషాలతో సహా. తిట్టడం, మార్కులు కొయ్యడం, వాట్సాప్ గ్రూపుకి మారడం, ఏదీ పనిచెయ్యలా.

పనిచేసింది ఇదండి. సెట్టింగ్స్‌లో ముందు ప్రైవసీ దగ్గర సెర్చ్ ఇంజన్లకి కనపడే స్విచ్ ఆపేశా (లింకు ఉన్నోళ్లు చూడొచ్చు, పూర్తి తాళమేం కాదు). తర్వాత కామెంట్స్‌లో 'హూ కెన్ కామెంట్' ని 'ఎనీవన్' చేశా, పిల్లలకి మెయిల్ ఐడీలు లేవు మరి, పేరు గడిలో రోల్ నంబరు కొడతారు. అక్కడే 'కామెంట్ మోడరేషన్' ఉంటుంది, దాన్ని 'ఆల్వేస్' పెట్టా. అసలు మందు ఇదే. నేను వదిలేదాకా ఒకడి జవాబు ఇంకోడికి కనపడదు, గడువయ్యాక అన్నీ ఒకేసారి పబ్లిష్ కొడతా.

ప్రశ్న కూడా మార్చాలండోయ్. ధవళేశ్వరం ఆనకట్ట ఎప్పుడు పూర్తయింది అంటే 1852, అయిపోయింది. అదే మీ చేలోకి నీళ్లు ఏ కాలవ నుంచొస్తాయి, వేసవిలో కాలవకి నీళ్లు ఆపేశాక ఏం చేస్తారు అనడిగితే, అందరివీ ఆనకట్ట దగ్గర బొబ్బర్లంకలో మొదలయ్యే కాలవ నీళ్లే అయినా ఒక్కోడు ఒక్కోలా రాశాడు, ఒకమ్మాయైతే వాళ్ల తాతనడిగి మంచినీళ్ల చెరువు నింపుకోవడం గురించి పేజీడు రాసింది.

పక్కపక్కన కూచుని ఒకే ఫోన్లో రాసేవాళ్లని మాత్రం ఇది ఆపదు. నాది చిన్న సెక్షను, పెద్ద క్లాసుల్లో అన్నీ చదివి వదలడం కుదురుతుందో లేదో మరి. వర్డ్‌ప్రెస్‌లోనూ ఇలాంటి ఆప్షనుంది, నేనైతే వాడలా.